'సత్య' చూస్తూ హాలంతా ఈలలు వేస్తే, జనానికి హింస అంత ఇష్టమనుకోవాలా?

ప్రశ్న అడిగినావిడ రీరిలీజ్‌లో కొడుకుతో కలిసి రామ్ గోపాల్ వర్మ తీసిన హిందీ గ్యాంగ్‌స్టర్ సినిమా 'సత్య' చూశారట. తెర మీద మనుషుల్ని కాల్చేస్తుంటే హాల్లో ఈలలు, చప్పట్లు. ఇంటర్ చదివే కొడుకు కూడా పక్క సీట్లో కూర్చుని ఈల వేశాడు. ఇంటికొచ్చినప్పటి నుంచి అందులోని గ్యాంగ్ నాయకుడు భీకూ మాత్రే డైలాగులే చెబుతున్నాడు. జనానికి రక్తం అంటే అంత ఇష్టమా, పిల్లవాడి గురించి భయపడాలా అని అడిగారు.

ఈల ఏ సీన్‌లో పడిందో తెలిస్తే గానీ ఎందుకు పడిందో చెప్పలేమండీ. నేను ఈ సినిమా 1998లో వచ్చినప్పుడు బొంబాయిలో చూశాను. 2025 జనవరిలో మళ్ళీ విడుదలైనప్పుడు కూడా అక్కడే చూశాను. రెండుసార్లూ ఈలలు పడ్డాయి. కానీ అవి ఒకే రకం ఈలలు కావు.

మాది సిరిసిల్ల వైపు పద్మశాలి కుటుంబం. మా బాపు మిల్లు పనికి బొంబాయి వచ్చి వర్లీలో ఒక చాల్‌లో, అంటే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే వరస ఇళ్ళ భవనంలో, స్థిరపడ్డాడు. నేను అక్కడే పుట్టి పెరిగాను. 1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. దాదాపు 2.5 లక్షల మంది పని మానేశారు. ఆ సమ్మె అయిపోయిందని ఎవరూ అధికారికంగా ప్రకటించలేదు, మిల్లులే ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. మా చుట్టుపక్కల వాళ్ళు కొందరు ఊరికి తిరిగి వెళ్ళి సాంచాల (మరమగ్గాల) మీద పడ్డారు, కొందరు బొంబాయి దగ్గరే మరమగ్గాలుండే భివండీ వెళ్ళారు. ఉన్నవాళ్ళ పిల్లల్లో కొందరు 'భాయ్'ల దగ్గర, అంటే గ్యాంగ్ నాయకుల దగ్గర చేరారు. 1994లో ఖటావ్ మిల్లు యజమాని సునీత్ ఖటావ్‌ను పట్టపగలు కారులోనే కాల్చి చంపారు. 1997 జనవరిలో సమ్మె నడిపిన దత్తా సామంత్‌ను పవయీలో చంపారు. ఆ రోజు మా చాల్‌లో చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదు. అదే ఏడాది ఆగస్టులో అంధేరీలో గుడి బయట టీ-సిరీస్ క్యాసెట్ కంపెనీ యజమాని, నిర్మాత గుల్షన్ కుమార్‌ను కాల్చేశారు. 'సత్య' విడుదలైంది ఆ మరుసటి ఏడాది జూలై 3న. సినిమాలో ఒక నిర్మాతను చంపే సీన్ వచ్చినప్పుడు హాల్లో అందరికీ గుర్తొచ్చింది గుల్షన్ కుమారే. ఈల సంగతి దేవుడెరుగు, వెనక వరసలో ఎవరో ఆ పేరు మెల్లగా అన్నారు, అంతే.

ఆ రోజు మొదటి పెద్ద ఈల ఎక్కడ పడిందో నాకు బాగా గుర్తుంది. సత్య బొంబాయి వచ్చిన కొత్తలో తబేలాలో గేదెల దగ్గర పని చేస్తుంటాడు. పక్యా అనే రౌడీ హఫ్తా (గూండాలు బెదిరించి వసూలు చేసే మామూలు) కోసం వస్తాడు. సత్య ఇవ్వనంటాడు, మాటా మాటా పెరిగి వాడి ముఖం మీద కత్తితో గీస్తాడు. హాలు దద్దరిల్లింది. నా ముందు వరసలో కూర్చున్నది మా గల్లీ చివర వడాపావ్ బండి పెట్టే ఆయన. నెల నెలా హఫ్తా కట్టే మనిషి. సీటు మీద నుంచి లేచి మరీ ఈల వేశాడు. ఆయన రక్తం చూసి ఆనందపడ్డాడని మీరంటే నేను ఒప్పుకోను. తాను ఎన్నేళ్ళుగానో అనలేని 'ఇవ్వను' అనే మాట ఎవడో ఒకడు అన్నాడు, అదీ సంగతి.

తర్వాత ఎక్కువ గోల పడింది నవ్వుల దగ్గరే. భీకూ అర్ధరాత్రి ఇంటికొస్తే పెళ్ళాం ప్యారీ కడిగి పారేస్తుంది. ఊరంతా వణికే మనిషి ఇంట్లో తిట్లు తింటాడు. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ప్యారీగా షెఫాలీ షా కనిపించేది కాసేపే అయినా, బయటికొచ్చాక మా అక్కావాళ్ళు మాట్లాడుకున్నదంతా ఆవిడ గురించే. ఇక గ్యాంగ్ అంతా తాగి పాడే కల్లూ మామా పాట సరేసరి. ఆ ఏడు వినాయక చవితికి మా మండపంలో భజన పాటల కంటే అదే ఎక్కువసార్లు మోగింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఊర్మిళ తప్ప ఆ సినిమాలో అప్పటికి హిందీ జనానికి తెలిసిన పెద్ద స్టార్ ఎవరూ లేరు. భీకూగా చేసిన మనోజ్ బాజ్‌పాయ్ ఎవరో నా పక్కవాళ్ళకు తెలియదు. సత్యగా చేసిన జె.డి. చక్రవర్తి మనకు 1989లో వచ్చిన 'శివ' నుంచి తెలుసు గానీ వాళ్ళకు కొత్త. (సినిమాలో సత్య ఏ ఊరివాడో చివరిదాకా చెప్పరు. మా సిరిసిల్ల చుట్టాలు మాత్రం "ఇంకెక్కడోడు, మనోడే" అని తేల్చేశారు.) స్టార్ ఉంటే వాడు చావడని ముందే తెలుస్తుంది, ధైర్యంగా చూస్తాం. ఇక్కడ ఎవడు ఎప్పుడు పోతాడో తెలియదు. ఆ టెన్షన్‌లో ఏ చిన్న జోకు వచ్చినా అవసరానికి మించి నవ్వుతాం. హాల్లో సగం గోలకు కారణం ఇదే.

ఇంకో వింత. ఆ రోజు భీకూకి ఈల వేసినవాళ్ళే, పరేష్ రావల్ చేసిన పోలీస్ కమిషనర్ గూండాలకు ఎదురుదెబ్బ తీయడం మొదలుపెట్టినప్పుడు చప్పట్లు కొట్టారు. అప్పట్లో బొంబాయిలో నిజంగానే వరసగా ఎన్‌కౌంటర్లు జరుగుతుండేవి, పేపర్లలో వాటిని మెచ్చుకునేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఇటు గ్యాంగ్‌కూ అటు పోలీసుకూ ఒకే జనం, అరగంట తేడాతో. అలాంటి ఈలను పట్టుకుని ఎవరు ఎటువైపు ఉన్నారో ఎలా చెబుతారు?

సినిమా హాలు తొక్కిసలాట సీన్‌లో మాత్రం ఒక్క ఈల లేదు. సత్య, అతను ప్రేమించిన విద్య (ఊర్మిళ) సినిమాకు వెళ్తారు. పోలీసులకు ఉప్పందుతుంది. తలుపులన్నీ మూసి ఒక్కటే తెరిచి ఉంచుతారు. సత్య పిస్తోలు పేలుస్తాడు, జనం ఒకరి మీద ఒకరు పడి చచ్చిపోతారు. సినిమాలో ఇంతకుముందు చచ్చినవాళ్ళు గూండాలో, గూండాలకు అడ్డొచ్చినవాళ్ళో. ఇప్పుడు చస్తున్నది టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు. మేమూ టికెట్ కొనుక్కునే కూర్చున్నాం. అంతకు ఏడాది ముందే ఢిల్లీ ఉపహార్ థియేటర్ అగ్నిప్రమాదంలో 59 మంది పోయారు. మా అక్క తల తిప్పి బయటికి వెళ్ళే తలుపు ఎక్కడుందో చూసుకోవడం నేను చూశాను. చూసుకున్నది ఆమె ఒక్కతే కాదు.

భీకూ చావు దగ్గర మా స్నేహితుడు రీలు తెగిందనుకున్నాడు. గ్యాంగ్‌ను వాడుకుని ఎన్నికల్లో గెలిచిన నాయకుడు భావూ పిలిస్తే వెళ్తాడు, మాట్లాడుతుండగానే తలలో తూటా. చివరి డైలాగు లేదు, స్లో మోషన్ లేదు. ఇందాకటి దాకా మమ్మల్ని నవ్వించిన మనిషి, కళ్ళు ఆర్పేలోగా లేడు. మనోజ్‌కు జాతీయ అవార్డు రావడం వెనక ఈ సీన్ పాత్ర చాలా ఉందని నా నమ్మకం, అయినా అందులో ఆయన చేసిందేమీ లేదు, కింద పడటం తప్ప.

ఇప్పుడు మీ అనుమానానికి బలం చేకూర్చే సంగతి కూడా చెప్పాలి. వినాయక నిమజ్జనం జనంలో సత్య భావూను కత్తితో పొడిచినప్పుడు పడిన ఈల ఆ రోజు అన్నిటికంటే పెద్దది. అది మాత్రం చంపినందుకే. హాలంతా ఆ చావు కోరుకుంది, నేనూ కోరుకున్నాను. దానికి వేరే అర్థాలు వెతకను. పగ తీరితే సంతోషం అనేది మనకు పౌరాణిక నాటకాల నాటి నుంచీ ఉన్నదే, దుశ్శాసనుడి రొమ్ము చీలిస్తే చప్పట్లు కొట్టిన ఊళ్ళే మనవి. కానీ వర్మ అక్కడ సినిమా ఆపలేదు. ఇంకాసేపటికి సత్య కూడా విద్య గుమ్మంలోనే కాల్పుల్లో పోతాడు. చివర్లో, సత్య కోసం ఎంత ఏడుస్తానో అతను చంపినవాళ్ళ కోసమూ అంతే ఏడుస్తానని అర్థం వచ్చే మాటలు తెర మీద పడతాయి. చదివినవాళ్ళు తక్కువ, అప్పటికే జనం లేచి నడుస్తున్నారు.

2025లో చూసినప్పుడు ఈలలు ముందే పడటం మొదలైంది. భీకూ ఇంకా తెర మీదికి రాకముందే. సముద్రం పక్క బండ మీద నిలబడి బొంబాయికి రాజు ఎవరని అరిచే సీన్‌కు ఫోన్లన్నీ పైకి లేచాయి, డైలాగు మనోజ్ కంటే ముందు హాలు చెప్పింది. ఆ కుర్రాళ్ళు పుట్టింది సినిమా వచ్చాక. వాళ్ళకు హఫ్తా తెలియదు, డబ్బిచ్చి చంపించే సుపారీ హత్యల వార్తలు తెలియవు. రీల్స్‌లో ముక్కలు ముక్కలుగా చూసిన పాటను పెద్ద తెర మీద అందరితో కలిసి పాడుకున్నట్టు చూశారు. ఆ రోజు ఈలలు భీకూ అనే గూండాకు కాదు, మనోజ్ నటనకూ, వాళ్ళకు కంఠతా వచ్చిన మాటలకూ పడ్డాయి. మీ అబ్బాయి వేసింది ఈ రకం ఈలే అయి ఉంటుంది. అయినా తొక్కిసలాట సీన్‌కు ఫోన్లు దిగిపోయాయి, అది మాత్రం 1998లో లాగానే ఉంది. (పెద్దలకు మాత్రమే సర్టిఫికెట్ ఉన్న సినిమాకు ఇంటర్ కుర్రాణ్ణి హాలువాళ్ళు లోపలికి ఎలా పంపారన్నది వేరే చర్చ.)

సినిమా చూసి పిల్లలు అనుకరించరా అంటే, అనుకరిస్తారు. 'శివ' వచ్చినప్పుడు మా బాబాయి కొడుకులు సిరిసిల్లలో సైకిల్ చైన్ చేత్తో పీకబోయారు. చైన్ రాలేదు, చేతులు గ్రీజయ్యాయి, బాబాయి వీపులు వాయించాడు. 'సత్య' తర్వాత మా గల్లీలో అందరూ అందరినీ 'మామా' అనడం మొదలుపెట్టారు. గ్యాంగ్‌లో నిజంగా చేరినవాళ్ళు మాత్రం ఈ సినిమా రాకముందే చేరారు. వాళ్ళలో ఒకడు నాతో బడిలో చదివినవాడు. వాళ్ళ నాన్న మిల్లు మూసేశాక ఇంట్లో తిండికి ఇబ్బంది, వాడి చేతికి మొదటిసారి డబ్బు ఇచ్చినవాడు వాడికి దేవుడు.

మా బాపు ఈ సినిమా హాల్లో చూడలేదు. తర్వాతెప్పుడో కేబుల్‌లో వస్తే చూశాడు. కాల్పులకు కదల్లేదు, భీకూకు నవ్వలేదు. అయిపోయాక ఒక్క మాటన్నాడు: "అంత మంచిగనే తీసిండు గని, ఈ పోరగాండ్లు ముందుగాల ఏం పనిజేస్తుండిరో, ఆ పని ఎట్ల పాయెనో సూపియ్యలే." నేను ఈ సినిమా మీద చదివిన విమర్శల్లో ఇంత సూటిగా ఎవరూ అనలేదు. నాకున్న అభ్యంతరం కూడా దానికి దగ్గరదే. కాల్పుల కంటే, గ్యాంగ్ అంటే ప్రాణమిచ్చే స్నేహితుల గుంపు అన్నట్టు చూపించడం నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. భీకూ, సత్యలది జైల్లో కొట్టుకుని, బయటికొచ్చాక ఇల్లు చూపించి, కలిసి తాగి, కలిసి పాడే స్నేహం. ఎవరూ లేని కుర్రాడికి తుపాకీ కంటే ఆ సాయంత్రాలే ఊరిస్తాయి. మా బడి స్నేహితుడికి అలాంటి సాయంత్రాలు ఎన్నో దొరకలేదు. అతనికి దొరికిన ఆ గ్యాంగ్ స్నేహితులు, అతను పోయాక ఇంటి గుమ్మం కూడా తొక్కలేదు.

కాబట్టి మీ అబ్బాయి ఈల వేశాడని, డైలాగు చెబుతున్నాడని భయపడకండి. ఏ సీన్ నచ్చిందో తిట్టకుండా అడిగి చూడండి. భీకూ అంటే, కల్లూ మామా అంటే నవ్వి వదిలేయండి, ప్యారీలాగా మీరూ రెండు తిట్లు తిట్టినా తప్పులేదు. కాలేజీలో ఒంటరిగా ఉంటూ, "అమ్మా, అలాంటి ఫ్రెండ్స్ ఉంటే ఎంత బాగుండు" అన్నాడంటే మాత్రం ఆ పూట కాస్త తీరిక చేసుకుని అతనితో కూర్చోండి.