అనుబంధం నుంచి మొదలుపెట్టు

అమ్మాయ్,

ఆశీస్సులు. నీ సమీక్ష అందింది. మూడు కొత్త పుస్తకాలు, మూడు దేశాల అంతర్యుద్ధాలు, అంతా కలిపి ఒకే వ్యాసం. భాష శుభ్రంగానే ఉంది. కానీ "రచయిత ఆ ప్రాంతంలో విస్తృతంగా పర్యటించి, ఎందరినో కలిసి రాశారు" అన్నావు చూడూ, మూడు పుస్తకాలకీ అదే మాట అటూ ఇటూ మార్చి అతికించావు. అక్కడ ఒళ్లు మండింది నాకు.

పర్యటించాడు సరే, ఎవరింట్లో దిగాడు? వెంట తిరిగిన దుభాషీ ఏ పక్షంవాడు? జనం మాట్లాడుతుంటే పక్కన ఎవరు కూచున్నారు? ఇవి తేల్చకుండా ఘర్షణల పుస్తకం మీద సమీక్ష ఏందమ్మా? ఆ సంగతులన్నీ చివర్లో, చిన్న అక్షరాల అనుబంధంలో ఉంటాయి. నేనైతే అక్కడే మొదలుపెడతా.

సారా వద్దని ఆడవాళ్లు ఉద్యమించిన రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంటకి అవతల ఒక ఊరు వెళ్లాను. పేరెందుకులే. ఊరి పెద్దాయన కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, తనూ ఎదురుగా కూచున్నాడు. ఏమడిగినా ఆడవాళ్లు ఆయన మొహం చూడటం, "అంతా బాగానే ఉందయ్యా" అనడం. ఇంతలో కరెంటొచ్చిందని మోటారెయ్యడానికి ఆయన లేచి పొలానికి పోయాడు. ఒకామె కొంగు దోపుకుని ముందుకొచ్చి, సారా వేలంపాటలో ఎవరికెంత ముట్టిందో వేళ్ల మీద లెక్క చెప్పింది. మజ్జిగిచ్చినాయన పేరూ వచ్చింది అందులో.

ఉన్నదున్నట్టు రాసి పంపితే, అప్పటి ఎడిటరొకాయన కుర్చీ, మజ్జిగ, మోటారు కొట్టేసి లెక్క ఒక్కటే వేసుకున్నాడు. ఎక్కడివయ్యా ఈ లెక్కలు అని జనం నన్ను పట్టుకున్నారు. ఇప్పటివాళ్లు ఆ మాత్రం కూడా అడగరు, "సిద్ధాంతం ఏదండీ" అంటారు.

సిద్ధాంతం గాల్లోంచి ఊడిపడుతుందా? రాజనీతి పండితుల్నే చూడు. జేమ్స్ స్కాట్ 1978-80 మధ్య మలేషియాలో కెడా రాష్ట్రంలోని ఒక వరి పల్లెలో కాపురముండి, పేదలు తిరగబడకుండానే ఎలా ఎదిరిస్తారో రాశాడు. ఎల్ సాల్వడార్‌లో యుద్ధం ముగిసిన 1992లో ఎలిజబెత్ వుడ్ రైతులు ఆక్రమించుకున్న భూముల మ్యాపులు వాళ్ల చేతనే గీయించింది. అశుతోష్ వార్ష్నేయ మత ఘర్షణలు జరిగే అలీగఢ్‌ని ప్రశాంతంగా ఉండే కాలికట్‌తో పోల్చాడంటే, రెండు చోట్లా ముస్లిముల వాటా దాదాపు ఒకటే గనక. రెండు మతాలవాళ్లు కలిసి నడిపే సంఘాలున్న ఊళ్లో గొడవ ముదరదంటాడు. కాదంటే కాదను, ముందు ఆ ఎంపిక సంగతి తేల్చు. నీ సమీక్షలో ఆ దేశాలే ఎందుకో ఒక్క ముక్క లేదు.

కారంచేడులో దళితుల ఊచకోత మీద రాస్తానన్నావు. 1985 జూలై 17 తర్వాత చీరాల చేరిన కుటుంబాల దగ్గరికి నోటుబుక్కులతో చాలామందే వెళ్లొచ్చారు. రాసింది తెచ్చి చూపించారా అని ముందు వాళ్లనే అడుగు.

సమీక్ష తిరగరాసి పంపు. కందుకూరులో జిరాక్సు దొరికితే మూడో పుస్తకం అనుబంధం కూడా తీయించి పెట్టు, నా దగ్గర లేదు.