శ్వాసనాళాలు సంకోచిస్తాయా?

సందేహం: ఉబ్బసం మీద ఆరోగ్య వ్యాసం రాస్తూ 'నాడీ పెప్టైడ్ల (నాడుల నుంచి వెలువడే చిన్న ప్రొటీన్ తునకల) వల్ల శ్వాసనాళాలు సంకోచిస్తాయి' అన్నాను. సంకోచమంటే మొహమాటమని, ఆ వాడుక తప్పని మిత్రులు అంటున్నారు. ఏది సరి? – ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: మీ మిత్రులు చెప్పినది వాడుకలో స్థిరపడిన అర్థమే గాని తొలి అర్థం కాదు. ముడుచుకొనడాన్ని చెప్పే 'కుచ్' ధాతువుకు 'సమ్' ఉపసర్గ చేరగా సంకోచం ఏర్పడింది. రాత్రివేళ తామరరేకులు ముడుచుకొనడాన్ని సంస్కృత కవులు ఈ మాటతోనే వర్ణించారు. మనసు ముడుచుకొంటే బిడియమన్నది దాని నుంచి పుట్టిన లాక్షణికార్థం. వైశేషిక దర్శనం వారు చెప్పిన ఐదు రకాల చలనాల్లో (పంచకర్మల్లో) ఒకటైన ఆకుంచనమూ, మనం నిత్యం అనే 'కుంచించుకుపోవడ'మూ ఈ కుదురులోనివే.

నా అభ్యంతరమల్లా మీ వాక్యంలోని కర్త మీద. సంకోచించేది నాళపు గోడలోని నునుపు కండరం, నాళం ఇరుకవుతుంది. పడని పదార్థం పీల్చినప్పుడు మాస్ట్ కణాలు (అలర్జీని రేపే రక్షణ కణాలు) విడిచే హిస్టమిన్ వంటి రసాయనాలు గోడలోని సన్నని జ్ఞాననాడుల కొసలను రేపితే, ఆ కొసల నుంచే న్యూరోకైనిన్ ఎ, సబ్‌స్టెన్స్ పి అనే నాడీ పెప్టైడ్లు వెలువడతాయి. మొదటిది ముఖ్యంగా కండరాన్ని బిగిస్తుంది. 1931లో ఆయిలర్, గాడమ్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్న రెండవది రక్తనాళాల నుంచి ద్రవం ఊరేటట్లు చేసి వాపునూ, దానితోపాటు శ్లేష్మాన్నీ పెంచుతుంది. వాపు, శ్లేష్మం తెచ్చే ఇరుకును సంకోచమనడం చెల్లదు. పైగా వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్ కూడా నాడీ పెప్టైడే అయినా కండరాన్ని సడలిస్తుంది కనుక, 'కొన్ని' అన్న విశేషణం మీ వాక్యానికి తప్పనిసరి. గినీపందుల్లో కనబడినంత స్పష్టంగా ఈ చర్య మనుషుల్లో రుజువు కాలేదు గనుక 'సంకోచింపజేయగలవు' అన్నంత జాగ్రత్త కూడా అవసరం.

ఇక మీ వాక్యంలోని 'నాడి'కి బదులు 'నరం' అనవచ్చును గాని, 'నరానికి సూది వేశారు' అన్నప్పుడు జనం ఉద్దేశించేది సిరనే, అంటే రక్తనాళాన్నే.

ఈమధ్య పత్రికలు 'సంకోచానికి గురవుతాయి' అని రాస్తున్నాయి. సంకోచించు అనే చక్కని క్రియ ఉండగా ప్రతిదాన్నీ 'గురి'చేయడం దేనికి? రాసేవారు ఈ అలవాటు మానుకోవాలి.

వైద్య విద్యార్థులకైతే సంకోచాన్ని ఉంచండి. సామాన్య పాఠకులకు 'కండరాలు బిగుసుకొని నాళం ఇరుకవుతుంది' అంటే సుబోధం. అయితే బిగుసుకొనడంలో కొయ్యబారడమనే ఛాయ కూడా ఉన్నది కాబట్టి అదే రాయాలని నిర్బంధించను.