షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క పక్కింటి బాబును కరిచింది... కేసు నా మీద పడుతుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో అపార్టుమెంటు. నేను విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని. నా భార్య చనిపోయి రెండేళ్లయింది. కొడుకు విదేశంలో ఉన్నాడు. ఒంటరితనం భరించలేక ఐదు నెలల క్రితం, దిక్కులేని జంతువులను సాకే ఒక షెల్టర్ నుంచి నాలుగేళ్ల జర్మన్ షెపర్డ్‌ను తెచ్చుకున్నాను. పాత యజమాని వదిలేసిన కుక్క, బాగా బెదురు. నా దగ్గర మాత్రం పసిపిల్లలా ఉంటుంది. మొన్న నౌకాదళ విన్యాసాల రిహార్సల్‌లో విమానాలు మా మీదుగా వెళ్తే హడలిపోయి, తెరిచి ఉన్న తలుపులోంచి మెట్ల మీదికి దూకి, అక్కడ పరుగెడుతున్న తొమ్మిదేళ్ల బాబును పిక్క మీద కరిచింది. ఈ రోజుకు ఆరు రోజులు. బాబు తల్లిదండ్రులు ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. షెల్టర్ వాళ్లు దాని స్వభావం గురించి నాకు సరిగా చెప్పలేదు. వాళ్ల మీద కేసు వేయవచ్చా? కుక్కను వెంటనే పంపేయాలని అసోసియేషన్ పట్టుబడుతోంది. రాత్రిపూట కంబాలకొండ వైపు వదిలేసి, ‘అది షెల్టర్ కుక్క, నా దగ్గర కొన్నాళ్లు ఉంచారంతే’ అని చెప్పమని ఒక మిత్రుడి సలహా. దత్తత పత్రం, షెల్టర్‌కు ఇచ్చిన డబ్బు రసీదు, టీకా కార్డు జత చేశాను.

జవాబు: కేసును తేల్చే మాట మీ ఉత్తరంలో లేదు. మీరు జత చేసిన దత్తత పత్రం రెండో పేజీలో ఉంది. ‘కొత్తవారిని చూసినా, పెద్ద శబ్దం విన్నా బెదిరి పరుగెడుతుంది. గడప దాటితే గొలుసు, మూతికి చిక్కం తప్పనిసరి’ అని తెలుగులోనే రాసి ఉంది. దాని కింద మీ సంతకం ఉంది. చదవకుండా పెట్టారా? బ్యాంకులో పనిచేసిన మీకు సంతకం విలువ నేను చెప్పాలా?

భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్, అంటే పాత శిక్షాస్మృతిలోని 289, చూడండి. తన అధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గాని, తీవ్ర గాయం గాని కలిగే అవకాశం ఉన్నప్పుడు, తెలిసో నిర్లక్ష్యంతోనో తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. సెక్షన్ యజమాని ఎవరని అడగదు, జంతువు ఎవరి అధీనంలో ఉందని అడుగుతుంది. ఐదు నెలలు మీ ఇంట్లో తిని, మీ చేతి గొలుసుతో తిరిగిన కుక్క షెల్టర్ అధీనంలో ఉందంటే ఏ మేజిస్ట్రేటూ నమ్మరు. దాని బెదురు మీకు ముందే తెలుసా అన్నదే మిగిలిన ప్రశ్న. దానికి మీ సంతకమే జవాబు.

విమానాల మోత మీకు రక్షణ అవుతుందనుకుంటున్నారు. అదే మీకు ఎదురు తిరుగుతుంది. సముద్రతీరంలో కాపురముంటున్న మీకు నౌకాదళ విమానాలు కొత్త కాదు. శబ్దానికి పరుగెత్తే కుక్కను పెట్టుకుని ఆ పూట తలుపు తెరిచి ఉంచడాన్ని కోర్టు దైవఘటన అనదు. పైగా అది జర్మనీలో గొర్రెల మందలు కాసిన కుక్కల నుంచి 1899లో తీర్చిదిద్దిన జాతి. కదిలేదాని వెంటపడి మళ్లించడం దానికి పుట్టుకతో వచ్చిన పని. చేయడానికి పని లేక, భయంతో ఉన్న అలాంటి కుక్క ముందు పిల్లవాడు పరుగెడితే ఏమవుతుందో మీకు తెలియదా అని ఎదుటి న్యాయవాది అడుగుతారు. గాయం స్వల్పమని ఆసుపత్రి రికార్డు చెబితే శిక్ష విషయంలో మీకు కొంత ఊరట దక్కవచ్చు. అంతకుమించి ఆశించకండి.

షెల్టర్ మీద కేసు మాట మరచిపోండి. రాతపూర్వకంగా చెప్పినదాన్ని దాచారనడం కుదరదు. మీరిచ్చిన రెండు వేలు విరాళమని రసీదులో ఉంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌లోనూ నిలవదు.

ఇక కంబాలకొండ. ఆ పని చేయకండి. అది చిరుతలు తిరిగే అభయారణ్యం. తిండి, నీరు దొరక్క బాధపడే చోట జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. కరిచిన తర్వాత పది రోజులు కుక్క ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేదని వైద్యులు తేల్చగలరు. ఆ కుక్కే మీ ముఖ్యమైన సాక్ష్యం, బాబు తల్లిదండ్రులు నిద్రపోగలగడానికి ఉన్న ఆధారం కూడా. దాన్ని మాయం చేస్తే సాక్ష్యం చెరిపేశారన్న ఆరోపణ కొత్తగా నెత్తికెత్తుకుంటారు. ఒకసారి మనిషి వదిలేసినందుకే అది అంత బెదురుతో మీ దగ్గరికి వచ్చిందని కూడా గుర్తుంచుకోండి.

టీకా కార్డు చూశాను. రేబిస్ టీకా మళ్లీ వేయించాల్సిన తేదీ దాటి రెండు నెలలైంది. తేదీ కార్డు మీదే ఉంది, క్లినిక్ ఊళ్లోనే ఉంది. ఇది క్షమించరాని అజాగ్రత్త. బాబుకు ఏదైనా అయితే ఈ రెండు నెలలే మిమ్మల్ని ముంచుతాయి.

‘వాళ్లు ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు’ అన్న ధీమా వద్దు. ఈ నేరంపై కోర్టు కేసు స్వీకరించే గడువు, క్రిమినల్ కేసులు నడిచే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ ప్రకారం ఏడాది. అంతవరకు క్రిమినల్ కేసు రావచ్చు. నష్టపరిహారపు దావాకు మామూలుగా మూడేళ్లు. కానీ బాబు మైనరు. దావాల గడువును నిర్ణయించే లిమిటేషన్ చట్టం 6వ సెక్షన్ వల్ల అతడికి పద్దెనిమిదేళ్లు నిండాకే ఆ మూడేళ్లు మొదలవుతాయి. అంటే అతడికి ఇరవై ఒకటి వచ్చేదాకా మీ మీద దావా వేయవచ్చు. తండ్రి చేతిలో ఐదు వేలు పెట్టి తెల్లకాగితం మీద ‘ఇక ఏ గొడవా లేదు’ అని రాయించుకుంటే బాబు మేజరయ్యాక దాన్ని ప్రశ్నించవచ్చు.

ఇప్పుడు చేయాల్సినవి. అన్నిటికంటే ముందు, ఈ రోజే బాబు తండ్రిని కలవండి. చర్మం తెగి రక్తం వచ్చి ఉంటే టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ను అడ్డుకునే మందు) వేయించారా అని అడగండి. మొదటి టీకా వేసిన ఏడు రోజుల్లోపే దాన్ని వేయించాలి. కనుక రేపటికి వాయిదా వేయకండి. వేయించకపోతే మీరే వెంట ఉండి కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రికి) తీసుకువెళ్లండి. ఖర్చు మీరే పెట్టుకోండి. కుక్క బాగానే ఉందని చెప్పి టీకాలు ఆపించవద్దు, అది వైద్యుడి నిర్ణయం.

కుక్కను ఇంట్లోనే కట్టి ఉంచి, పశువైద్యుడికి చూపించి, చూపిన ప్రతిసారీ తేదీతో చీటీ రాయించండి. మెట్ల దగ్గరి సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి. భద్రపరచమని అసోసియేషన్‌కు ఈ రోజే లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అవి మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే. షెల్టర్‌తో వాట్సాప్‌లో మాట్లాడినవేవీ తుడిచేయవద్దు. కోర్టులో వాడాలంటే ఎలక్ట్రానిక్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అడిగే ధ్రువపత్రం కావాలి, ఆ నంబరు, ఫోను మీ దగ్గర ఉన్నప్పుడే అది సాధ్యం.

పరిహారం విషయం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసి, కేసు దాకా వెళ్లకముందే లోక్ అదాలత్‌లో తేల్చుకోండి. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. బాబు మైనరన్న సంగతి దరఖాస్తులో స్పష్టంగా రాసి, అతడి వాటాను బ్యాంకులో అతడి పేరిట డిపాజిట్ చేసేలా అడగండి.

కుక్కను బయటికి పంపమని అసోసియేషన్ తీర్మానం చేసినంత మాత్రాన మీరు పంపనవసరం లేదు. అయితే మీరు సంతకం పెట్టిన దత్తత పత్రం ప్రకారం లిఫ్టులో, మెట్ల మీద చిక్కం లేకుండా తిప్పే హక్కు మీకు లేదు. కుక్కకు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) లైసెన్సు లేకపోతే దరఖాస్తు చేయండి. తలుపుకు లోపల రెండో గేటు పెట్టించండి. ఇవన్నీ చేసే ఓపిక మీ వయసులో లేదనుకుంటే, పెంచలేకపోతే తిరిగి షెల్టర్‌కే ఇవ్వాలన్న నిబంధన ఆ పత్రంలోనే ఉంది. ఇవ్వండి, కానీ పది రోజులు నిండాకే, రసీదు తీసుకుని.

పదకొండో రోజు ఉదయం పశువైద్యుడి దగ్గర కుక్క ఆరోగ్యంగా ఉందన్న ధ్రువపత్రం తీసుకోండి. అసలు ప్రతి మీ దగ్గర ఉంచుకుని, జిరాక్సు కాపీ బాబు తండ్రికి స్వయంగా ఇవ్వండి.