లోగో చుట్టూ తెల్ల డబ్బా ఎందుకు పోవట్లేదు?

ప్రశ్న: నేను కర్నూలులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. వార్షికోత్సవం ఆహ్వానం నన్నే చేయమన్నారు. కొండారెడ్డి బురుజు ఫొటో తీసుకుని దాని మీద మా స్కూలు లోగో కాపీ చేసి పేస్ట్ చేస్తే చుట్టూ తెల్ల డబ్బా వస్తోంది. విండోస్‌లోని పెయింట్‌లో ట్రాన్స్‌పరెంట్ సెలక్షన్ పెట్టినా లోగో అంచుల్లో తెల్ల చుక్కలు మిగులుతున్నాయి, పైగా లోగోలోని తెల్ల అక్షరాలు మాయమై వాటిలోంచి బురుజు రాళ్లు కనిపిస్తున్నాయి. ఫొటోషాప్ నాకు రాదు. ఏం చేయాలి?

జవాబు: ఫొటోషాప్ అక్కర్లేదు, మీ పని పెయింట్‌లోనే అయిపోతుంది. కాకపోతే సరిచేయాల్సింది పేస్ట్ చేశాక కాదు, కాపీ చేయకముందే.

కంప్యూటర్‌కి లోగో అంటే ఏంటో తెలీదు. మీరు గుండ్రటి లోగో కాపీ చేశాననుకుంటారు, అది మాత్రం ఒక చతురస్రం నిండా ఉన్న రంగు చుక్కల్ని, అంటే పిక్సెల్స్‌ని, మూలల్లోని తెలుపుతో సహా ఎత్తుకుంటుంది. ట్రాన్స్‌పరెంట్ సెలక్షన్ టిక్ పెడితే విండోస్ 7, 10లోని పెయింట్ చేసేది ఒకటే: పైన కలర్ 2 అని ఉంటుంది చూడండి, ఆ డబ్బాలో ఏ రంగుంటే సరిగ్గా ఆ రంగు పిక్సెల్స్‌ని వదిలేస్తుంది. 'సరిగ్గా' అనే మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది. స్వచ్ఛమైన తెలుపు అంటే ఎరుపు 255, ఆకుపచ్చ 255, నీలం 255. ఐడ్రాపర్‌తో, అంటే రంగు ఎత్తుకునే టూల్‌తో, మీ లోగో అంచు పక్కనున్న తెలుపు మీద నొక్కి, ఎడిట్ కలర్స్ తెరిచి అంకెలు చూడండి. 254, 252, 253 లాంటివేవో ఉంటాయి. మన కంటికి అది తెలుపే, పెయింట్‌కి కాదు, అందుకే దాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచేస్తుంది. మీకు కనబడే చుక్కలు అవే.

ఈ మురికి తెలుపు జేపీజీ అనే ఫొటో ఫైలు రకం వల్ల వస్తుంది. జేపీజీ ఫైలు సైజు తగ్గించడానికి బొమ్మని 8 బై 8 పిక్సెల్స్ గళ్లుగా విడదీసి ఒక్కో గడిలోని రంగుల్ని ఉజ్జాయింపుగా దాస్తుంది. మనుషుల ఫొటోల్లో ఆ తేడా తెలీదు గానీ, లోగోలో ముదురు రంగు పక్కనే తెలుపు ఉన్నచోట ఆ గడి అంతా మరకలు పడుతుంది. అదే లోగో వాట్సాప్‌లో గ్రూపు నుంచి గ్రూపుకి తిరిగి మీ దాకా వచ్చిందంటే ఎన్నిసార్లు కుదించుకుపోయి ఉంటుందో. ఇప్పుడు ఆ జేపీజీని తెరిచి, ఇలా మరకలు పడనివ్వని పీఎన్‌జీ రకంగా సేవ్ చేసినా లాభం లేదు, పడిన మరకలు పోవు.

కాబట్టి మొదట చేయాల్సింది అసలు లోగో సంపాదించడం. మీ స్కూలు లెటర్‌హెడ్ వేసిన డీటీపీ షాపువాళ్ల దగ్గర కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు ఉండే అవకాశం ఎక్కువ. దాన్నుంచి పెద్ద సైజులో, వెనక స్వచ్ఛమైన తెలుపుతో పీఎన్‌జీ తీసివ్వమని అడగండి, వాట్సాప్‌లో పంపేటట్టయితే ఫొటోలాగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. అంచులు నున్నగా రావడానికి వేసే 'యాంటీ-అలియాసింగ్' తీసేసి ఇమ్మని కూడా చెప్పండి, లేకపోతే అంచు వెంబడి సన్నని తెల్ల గీత మిగులుతుంది.

ఇక తెల్ల అక్షరాల సంగతి. లోగోలో ఎక్కడా లేని ఒక రంగు, ఉదాహరణకి గాఢమైన గులాబీ, ఎంచుకుని పెయింట్ బకెట్‌తో లోగో బయటి తెలుపులో మాత్రమే పోయండి. అక్షరాల లోపలి తెలుపు అలాగే ఉంటుంది. తర్వాత ఐడ్రాపర్ తీసుకుని ఆ గులాబీ మీద కుడి క్లిక్ చేస్తే అది కలర్ 2 అవుతుంది. ఫైలు సేవ్ చేసి, అన్నీ కాపీ చేసుకుని, బురుజు ఫొటో తెరిచాక అక్కడ కూడా కలర్ 2గా అదే గులాబీ ఉందో లేదో చూడండి. లేకపోతే కలర్ 2 మీద నొక్కి, ఎడిట్ కలర్స్‌లో ఆ గులాబీ అంకెలే కొట్టండి. అప్పుడు ట్రాన్స్‌పరెంట్ సెలక్షన్ టిక్ పెట్టి పేస్ట్ చేయండి. గులాబీ పోతుంది, అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. లోగోని సరైన చోటికి జరిపేవరకూ మాత్రం బయట ఎక్కడా క్లిక్ చేయకండి, చేశారో అది బురుజులో కలిసిపోతుంది, ఇక కంట్రోల్ జెడ్ తప్ప దారి లేదు.

మీ స్కూల్లో విండోస్ 11 సిస్టమ్ ఉంటే ఇంత కష్టం లేదు. 2023లో పెయింట్‌కి లేయర్లు (ఒకదాని మీద ఒకటి ఉండే పొరలు), బ్యాక్‌గ్రౌండ్ తీసేసే బటన్ రెండూ వచ్చాయి. లోగోని వేరే లేయర్‌లో పెట్టుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు జరుపుకోవచ్చు.

ప్రశ్న: మాది అనంతపురం. మా అబ్బ, జేజి (తాత, నాయనమ్మ) కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. అబ్బది స్టూడియోలో తీసిన పాత బ్లాక్ అండ్ వైట్, జేజిది ఫోన్‌లో తీసిన కలర్ ఫొటో. అబ్బ ఇప్పుడు లేరు. జేజికి ఇద్దరూ పక్కపక్కన ఉన్న ఫొటో ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలని ఉంది. నేను అతికిస్తే ఇద్దరూ వేరువేరుగా, ఎబ్బెట్టుగా కనిపిస్తున్నారు.

జవాబు: చాలా మంచి పని తలపెట్టారు, తొందరపడకుండా చేయండి. ఎబ్బెట్టుగా కనిపించడానికి ముఖ్య కారణం తలల సైజు. పెయింట్‌లో ఒక్కో ఫొటో తెరిచి గడ్డం నుంచి నెత్తి దాకా సెలక్షన్ గీయండి, కింద పట్టీలో దాని కొలత పిక్సెల్స్‌లో కనిపిస్తుంది. జేజి ముఖం 600, అబ్బ ముఖం 240 వచ్చిందనుకోండి, జేజి ఫొటోని రీసైజ్‌లో 40 శాతానికి తగ్గించండి. చిన్నదాన్ని మాత్రం ఎప్పుడూ లాగి పెద్దది చేయకండి, లేని పిక్సెల్స్‌ని కంప్యూటర్ ఊహించి పూడుస్తుంది, ముఖం మసకబారుతుంది. అందుకే అబ్బ ఫొటోని ఫ్రేమ్‌లోంచి బయటికి తీసి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయించండి. అద్దం మీదుగా ఫోన్‌తో తీస్తే అందులో ట్యూబ్‌లైటు మెరుపు పడుతుంది. 6 బై 4 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే చివరికి 1800 బై 1200 పిక్సెల్స్ ఉండాలని లెక్క.

అతికించే ముందు జేజి ఫొటోని ఫోన్ గ్యాలరీలోనే బ్లాక్ అండ్ వైట్‌కి మార్చుకోండి. అబ్బ ముఖం మీద వెలుతురు ఏ వైపు నుంచి పడిందో చూసి, జేజిది కూడా అదే వైపు వెలుతురున్న ఫొటో వెతకండి. దొరక్కపోతే ఎడమ కుడి తారుమారయ్యేలా ఫ్లిప్ చేద్దామనిపిస్తుంది, వద్దు. పైట కుడి భుజం మీదికి వస్తుంది, ముక్కుపుడక పక్క మారుతుంది, ఇంకెవరూ గమనించకపోయినా జేజి చూడగానే కనిపెడుతుంది.

నన్నడిగితే జుట్టు చుట్టూ కత్తిరించే పనే పెట్టుకోకండి. చేత్తో గీసే ఫ్రీ-ఫామ్ సెలక్షన్‌తో నెరిసిన వెంట్రుకల అంచు సరిగ్గా తెగదు, తల చుట్టూ గాటు పడినట్టు ఉంటుంది. ఎవరి వెనక ఉన్న గోడ వాళ్లకే ఉంచి, ఒకే ఎత్తులో రెండు నిలువు బొమ్మలుగా పక్కపక్కన పెట్టి, మధ్యలో సన్నని గీత వదలండి. అది నిజమైన ఫొటోల్లాగే ఉంటుంది, కళ్లు ఒకే వరసలోకి వస్తే చాలు. స్కాన్ చేసిన అసలు ఫైలు మీద పని చేయకుండా దాని కాపీ మీదే చేయండి.

ప్రశ్న: కడపలో జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పాత సర్టిఫికెట్ మీదున్న సీలు, సంతకం కోసి కొత్త కాగితం మీద అతికించమని కొందరు వస్తారు. అర్జెంటు అంటారు, ఎక్కువ డబ్బులిస్తామంటారు. ఒక్క బొమ్మ అతికిస్తే తప్పా?

జవాబు: తప్పే, నేరం కూడా. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 336వ సెక్షన్ దీని గురించే. కాగితమే కాదు, కంప్యూటర్‌లో తయారుచేసిన నకిలీ రికార్డు కూడా ఫోర్జరీ కిందికే వస్తుంది. రెండేళ్ల వరకూ, మోసం చేయడానికైతే ఏడేళ్ల వరకూ జైలు. అడిగినవాడు వెళ్లిపోతాడు, ఫైలు మీ సిస్టమ్‌లో ఉంటుంది. దయచేసి ఎంత బతిమాలినా చేయకండి. సర్టిఫికెట్ పోయిందంటే ఇచ్చిన ఆఫీసులోనే డూప్లికేట్‌కి అర్జీ పెట్టుకోమనండి.

ఆన్‌లైన్ అప్లికేషన్లకి ఎవరి సంతకం వాళ్లే స్కాన్ చేసి పెట్టుకోవడం వేరు, దానికి ఏ ఇబ్బందీ లేదు. గీతల్లేని తెల్ల కాగితం మీద నల్ల ఇంకు పెన్నుతో మీ ముందే సంతకం పెట్టించి, స్కాన్ చేసి, సంతకం వరకే క్రాప్ చేసి, వాళ్లు అడిగిన కేబీలోకి రీసైజ్ చేసి అప్‌లోడ్ చేయండి. పని అయ్యాక ఆ ఫైలుని వాళ్ల కళ్లముందే డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.