ర్యాట్స్‌కి ఏమీ కాలేదంటే మన మెదడుకూ ఏమీ కాదనుకోవచ్చా?

మీ తమ్ముడు జ్ఞాపకశక్తి కోసమని ఆన్‌లైన్‌లో ఏదో ఇంజెక్షన్ తెప్పించుకున్నాడు, ర్యాట్స్ మీద టెస్ట్ చేస్తే ఏమీ కాలేదని సీసాతో వచ్చిన కాగితంలో ఉంది, నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొద్దండీ. పీహెచ్‌డీలో నేను పార్కిన్సన్స్ (ఒళ్లు బిగుసుకుపోయి, చేతులు వణికే మెదడు జబ్బు) మీద పనిచేశాను. మైస్‌కి, అంటే ర్యాట్స్ కంటే చిన్నవైన చిట్టెలుకలకి, ఎంపీటీపీ అనే పదార్థం ఇంజెక్ట్ చేయడం మా పనిలో భాగం కాబట్టి దాని సంగతే చెబుతాను.

1976లో అమెరికాలోని మేరీలాండ్‌లో 23 ఏళ్ల కెమిస్ట్రీ విద్యార్థి ఒకడు ఇంట్లోనే మత్తుమందు తయారు చేసుకుని ఎక్కించుకునేవాడు. ఒకసారి తొందరపడి తయారీలో అడ్డదారి తొక్కడంతో అందులో ఎంపీటీపీ కలిసింది, కొద్ది రోజుల్లోనే ఒళ్లు కొయ్యబారిపోయి, ముసలితనంలో రావాల్సిన పార్కిన్సన్స్ ఆ వయసులోనే పట్టుకుంది. అదే సరుకు ర్యాట్స్‌కి ఇచ్చి చూస్తే వాటికి శాశ్వతంగా ఏమీ కాలేదు, దాంతో అసలు దోషి ఎవరో తేలలేదు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ హెరాయిన్ ఎక్కించుకున్న కొందరు యువకులు అలాగే బిగుసుకుపోయి ఆస్పత్రికి వచ్చారు. అప్పుడు డాక్టర్ విలియం లాంగ్‌స్టన్ బృందం ఆరా తీసి ఎంపీటీపీని పట్టుకుంది. 1983లో కోతులకు ఇస్తే వాటికీ అచ్చం పార్కిన్సన్సే వచ్చింది.

తేడా ఎక్కడంటే, ఎంపీటీపీ తనంతట తాను విషం కాదు. మెదడులోకి వెళ్లాక ఎంఏఓ-బి అనే ఎంజైమ్ దాన్ని ఎంపీపీ ప్లస్ అనే విషంగా మారుస్తుంది, డోపమైన్ (కదలికలను నడిపించే మెదడు రసాయనం) తయారుచేసే కణాలు దాన్ని డోపమైనే అనుకుని లోపలికి లాక్కుంటాయి, అక్కడ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని కణం చచ్చిపోతుంది. ర్యాట్స్‌లో ఈ మార్పు చాలావరకు మెదడు రక్తనాళాల గోడల్లోనే జరిగిపోతుంది, అక్కడ తయారైన విషం గోడ దాటి లోపలికి పోలేదు. అవి తప్పించుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. మైస్‌లో కూడా సి57 అనే నల్లరంగు మైస్ జాతి బాగా దెబ్బతింటుంది, కొన్ని తెల్లరంగు జాతులు చాలావరకు తట్టుకుంటాయి.

నన్ను బాగా కలవరపెట్టింది మాత్రం వేరే విషయం. ఇంజెక్షన్ చేసిన రోజు మైస్ వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఒళ్లు చల్లబడి మూల కూర్చునేవి, బోను కింద హీటింగ్ ప్యాడ్ పెట్టేవాళ్లం. మూత్రంలో కూడా ఆ మందు వస్తుంది కాబట్టి బోనులో పరిచిన పొట్టును కూడా డబుల్ గ్లౌజులతోనే తీసేవాళ్లం. కొన్ని రోజులకు అవే మైస్ కదలిక పరీక్ష కోసం నిలబెట్టిన కర్ర మీద నుంచి చకచకా దిగేవి, చూసినవాళ్లు కోలుకున్నాయనే అంటారు. మెదడు ముక్కలకు రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, ఉత్త సెలైన్ ఇచ్చిన మౌస్‌లో గోధుమరంగులో డోపమైన్ కణాలు గుత్తులుగా కనిపించే చోట, ఎంపీటీపీ ఇచ్చినదానికి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలి ఉండేవి. బయటికి మాత్రం ఏ తేడా లేదు.

అందుకే "ఏమీ కాలేదు" అన్న కాగితంలో ఏ జంతువు, ఏ జాతి, ఎన్నాళ్లు గమనించారు, మెదడు కోసి చూశారా, లేక తిరుగుతోందని వదిలేశారా అన్నది ఉండాలి. మీరు పెట్టిన ఆ కాగితం ఫోటోలో అవేవీ లేవు, కనీసం తయారీదారు పేరు కూడా లేదు. ఆ ఇంజెక్షన్ ఈ రోజే ఆపించండి, సీసా పారేయకుండా దాచండి. చేతులు వణకడం, నడక నెమ్మదించడం, ముఖంలో కదలిక తగ్గడం లాంటివి ఏమాత్రం కనిపించినా సీసాతో సహా న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి.