పార్కింగ్‌లో కార్ల మధ్య పిల్లల ఆటలు: పక్క ఫ్లాటు వాళ్లతో గొడవ ముదరకుండా ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కారు రివర్స్ చేస్తుంటే, దాగుడుమూతలు ఆడుతూ వెనక దాక్కున్న బాబు చివరి క్షణంలో కనబడ్డాడు. బ్రేకు వేశారు, ఏమీ కాలేదు. వాళ్లమ్మకు చెబితే "పిల్లలన్నాక ఆడుకోరా అంకుల్? మీరే కాస్త చూసుకుని నడపండి" అంది. ఆ మాటకు కోపం వచ్చి, పోయిన నెలలో వాడి సైకిల్ హ్యాండిల్ తగిలి మీ కారు డోరు మీద పడిన గీత సంగతి కూడా ఎత్తారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు రెండు వర్గాలైంది. పోలీసులకు కంప్లయింట్ ఇవ్వవచ్చా అని అడుగుతున్నారు.

ఇవ్వకండి. ఎందుకో కింద చెబుతాను. అంతకంటే ముందు గీత గొడవనూ ప్రాణం గొడవనూ విడదీయండి. ఆ రెండూ ఒకే నోట వచ్చిన క్షణం నుంచి ఎదుటివాళ్లకు గీత ఒక్కటే వినబడుతుంది. "ఈయన బాధంతా కారు గురించే" అని తల్లి మనసులో పడిపోయాక, మీరు పిల్లవాడి క్షేమం గురించి ఎంత నిజాయితీగా చెప్పినా ఆ చెవికి ఎక్కదు.

మేముండేది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు. కింద స్తంభాల మధ్య స్టిల్ట్ పార్కింగ్, పైన అయిదంతస్తులు, రెండు బ్లాకుల మధ్య డ్రైవ్‌వే. నేను అసోసియేషన్ సెక్రటరీగా ఉన్న కాలంలో ఈ తగాదా చాలాసార్లు నా దగ్గరికి వచ్చింది. ఒకసారి మూడో అంతస్తు ఆయన ర్యాంపు మీద బ్రేకు వేసిన చోట కారుకూ బంతి కోసం పరిగెత్తిన పాపకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. కానీ ఆ వణుకు కోపమై, కోపంలో పాత సొట్టల లెక్కంతా బయటికి వచ్చింది. పాప తండ్రి కూడా తగ్గలేదు: "మీ కారుకి ఎంతవుతుందో చెప్పండి, పడేస్తాను." ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరూ లిఫ్టులో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పిల్లలు మాత్రం మర్నాడు సాయంత్రం అదే ర్యాంపు మీద ఆడారు.

అసోసియేషన్‌లో పెద్దలు వెంటనే అనే మాట "ఇచ్చట ఆటలు నిషేధం అని బోర్డు పెట్టేద్దాం." పెట్టిన అపార్ట్‌మెంట్లు నేను చూశాను. పిల్లలు గేటు దాటి రోడ్డు మీదకు వెళతారు. అక్కడ ఆటోలు, వాటర్ ట్యాంకర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు. లోపల కనీసం ప్రతి డ్రైవరూ తెలిసిన మనిషి. అందుకే నేను ఆ బోర్డుకు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

డ్రైవింగ్ చేసేవాళ్లు ముందుగా గ్రహించాల్సిన లెక్క ఒకటుంది. గంటకు 20 కిలోమీటర్లంటే పార్కింగ్‌లో చాలామందికి నెమ్మదిగా వెళుతున్నట్టే ఉంటుంది. ఆ వేగంలో కారు సెకనుకు అయిదున్నర మీటర్లు పోతుంది. పిల్లవాడు కనబడి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికే దాదాపు ఒక సెకను. ఆపైన కారు ఆగడానికి ఇంకో రెండు మీటర్లు. అంటే మొత్తం రెండు చిన్న కార్ల పొడవు. అదే 10 కిలోమీటర్ల వేగంలో కారు మూడున్నర మీటర్లలోపే ఆగుతుంది. రెండు కార్ల సందులోంచి దూకే పిల్లలు మనకు ఇచ్చే దూరం ఆ మాత్రమే. నాలుగేళ్ల పిల్లల ఎత్తు సుమారు ఒక మీటరు, బంతి తీయడానికి వంగితే అందులో సగం. ఎస్‌యూవీ బానెట్టే ఇంచుమించు మీటరు ఎత్తుంటుంది. 2019 జూలై 1 నుంచి తయారైన కార్లకు వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు కాబట్టి అవే చూసుకుంటాయని కొందరు ధీమాగా ఉంటారు. పక్కనుంచి ఒక్కసారిగా పరిగెత్తుకొచ్చే పిల్లల విషయంలో ఆ బీప్ వినబడేసరికి ఆలస్యమైపోతుంది. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు కూడా వచ్చాయి. నెమ్మదిగా వెనక నుంచి వస్తుంటే చాలావాటి చప్పుడు పిల్లలకు సరిగా వినబడదు.

ఈ లెక్కలు మీటింగులో చెబితే ఎవరూ వినలేదు. కళ్లకు కట్టినప్పుడే మార్పు వచ్చింది. ఒక ఆదివారం పొద్దున పిల్లలందరినీ, వీలైన అమ్మానాన్నలనూ కిందికి పిలిచాం. ఒక పెద్ద కారు ఆపి ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం చెవి నా జేబులో పెట్టుకున్నాను. ఒక్కొక్కరినీ డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, మిగతా పిల్లల్ని కారు వెనక బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాం. "వెనక ఎవరైనా ఉన్నారా చూసి చెప్పమ్మా" అంటే అద్దాలన్నీ వెతికి "ఎవరూ లేరంకుల్" అన్నారు. దిగి వెనక్కి వచ్చి చూస్తే అయిదుగురు. ఒక పిల్లవాడు పరిగెత్తుకెళ్లి వాళ్ల చెల్లిని అక్కడినుంచి లేపి పక్కకు లాగేశాడు, కారు ఆగి ఉందని తెలిసి కూడా. తర్వాత తల్లులు కూర్చుని చూశారు. అంతకుముందు నాతో గట్టిగా వాదించిన ఒకావిడ సీట్లోంచి దిగి ఏమీ మాట్లాడకుండా తన కొడుకు చెయ్యి పట్టుకుంది. ఆ రోజు కారు గీతల గురించి ఎవరమూ ఒక్క మాట ఎత్తలేదు. ముందే అలా అనుకున్నాం.

మీరూ ఇది చేసి చూడండి. తాళం చెవి మాత్రం పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి, ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి.

నిబంధనలు కూడా పిల్లల్నే పెట్టమన్నాం. బంతి కారు కిందకు వెళితే అందరూ "కార్!" అని అరిచి ఆగిపోవాలి, పెద్దవాడొకడు చూసి తేవాలి, చూడకుండా పరిగెత్తినవాడు ఔట్. వాళ్లు పెట్టుకున్న నియమం కాబట్టి మేము చెప్పినవాటికంటే దీన్నే గట్టిగా పాటించారు.

అయినా అసలు చిక్కు పిల్లల బుద్ధిలో కంటే స్థలంలో ఉంది. మీ అపార్ట్‌మెంట్ శాంక్షన్డ్ ప్లాన్, అంటే మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్, తీసి చూడండి. 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ కింద కట్టిన ఓ మాదిరి పెద్ద అపార్ట్‌మెంట్లలో టాట్‌లాట్ అని పిల్లలకూ పచ్చదనానికీ విడిచిపెట్టిన ఖాళీ స్థలం చూపించి ఉంటుంది. మా ప్లాన్‌లోనూ ఉంది. మేము చూసేసరికి అక్కడ విజిటర్ల బైకులు, ఎవరో వదిలేసిన పాత స్కూటరు, మిగిలిపోయిన టైల్స్ కుప్ప, ఒక ఫ్లాటు వాళ్ల రెండో కారు. పిల్లలకు రాసిచ్చిన జాగాలో మన సామాన్లు పెట్టుకుని, వాళ్లు మన కార్ల మధ్యకు వస్తున్నారని అరవడం అన్యాయం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ కోపం తెప్పించింది అదే. రెండో కారు తీయించడానికి నానా తంటాలు పడ్డాం. జనరల్ బాడీలో ప్లాన్ కాపీ బల్ల మీద పరిచాక గానీ ఆయన ఒప్పుకోలేదు.

మీ అసోసియేషన్ ప్లాన్ చూపించకపోతే మున్సిపల్ ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగవచ్చు, ఫీజు 10 రూపాయలు.

స్థలం చిన్నదైతే సమయం పంచుకోండి. మా దగ్గర సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా డ్రైవ్‌వేలో ఒక వైపు రెండు ప్లాస్టిక్ కోన్లు అడ్డం పెడతారు. అటు కార్లు రావు. ర్యాంపు మొదట్లో స్పీడ్ బ్రేకర్, మలుపులో గుండ్రటి అద్దం వేయించాం. కారు స్లాటులోకి రివర్స్‌లో పెట్టమన్నాం, అప్పుడు పొద్దున స్కూల్ హడావుడిలో ముందుకు చూస్తూ బయటికి రావచ్చు. బయల్దేరే ముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూడమన్నాం. పగలైనా స్టిల్ట్‌లోకి వచ్చేటప్పుడు హెడ్‌లైట్లు. డెలివరీ బైకులు గేటు దగ్గరే ఆగాలి. ఇందులో డెలివరీ బైకుల సంగతి ఒక్కటే ఇంకా సరిగా కుదరలేదు.

ఒక విషయం దయచేసి మరచిపోకండి. మీటింగుల్లో ఫ్లాట్ల పిల్లల గురించే మాట్లాడతాం. పొద్దున్నుంచి రాత్రి దాకా పార్కింగ్‌లో ఉండేది వాచ్‌మన్ పిల్లలు. వాళ్ల గది ఆ స్టిల్ట్‌లోనే, వాళ్లకు వాకిలీ పెరడూ అదే. గీత పడితే ముందు తిట్లు తినేదీ వాళ్లే, ఎదురు చెప్పలేనిదీ వాళ్ల అమ్మానాన్నలే. 2023 మే నెలలో హయత్‌నగర్‌లో, పక్కనే నిర్మాణ పనికి వచ్చిన కూలీ తల్లి ఎండకు తట్టుకోలేక మూడేళ్ల కూతుర్ని ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్ నీడలో పడుకోబెట్టింది. లోపలికి వచ్చిన కారు ఆ పాప మీదుగా పోయింది. ఆ బిడ్డ బతకలేదు. ఆ వార్త చదివిన వారంలోనే మా వాచ్‌మన్ గది ముందు ఒక కారు స్లాటు ఖాళీ చేయించి, చుట్టూ ఇనుప గొట్టాల రెయిలింగ్ కట్టించాం. డబ్బు మెయింటెనెన్స్‌లోంచే. మీ దగ్గర కూడా ముందు ఆ గుమ్మం నుంచే మొదలుపెట్టండి.

ఆగి ఉన్న కారు కూడా ప్రమాదమే. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు తెరవలేక ఊపిరాడక చనిపోయారు. అంతకు ముందు నెలలోనే చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు అలాగే పోయారు. దిగిన ప్రతిసారీ కారు లాక్ చేసి, డోరు ఒకసారి లాగి చూడండి. తాళం చెవులు పిల్లలకు అందేచోట తగిలించకండి. పిల్లలకు హారన్ ఎక్కడుంటుందో చూపించి, ఎప్పుడైనా లోపల చిక్కుకుంటే ఆపకుండా నొక్కమని చెప్పండి. చాలా కార్లలో ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నా హారన్ మోగుతుంది. దాగుడుమూతల్లో ఎవరైనా దొరక్కపోతే ముందు కార్లలో వెతకాలని పెద్దలకూ తెలియాలి.

ఇక గీత సంగతి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ కారు గీతకు పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వస్తుంది గానీ, ఒక్క క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అది మొదటి ఏడాదికి 20 శాతం, అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా పెరుగుతుంది. చిన్న గీతకు అంత పోగొట్టుకోవడం గిట్టుబాటు కాదు. రంగు వేసే షాపులో ఎంతవుతుందో అడిగి, కొన్ని రోజులు ఆగి, ఆ బాబు నాన్నతో విడిగా, పిల్లవాడు దగ్గర లేనప్పుడు మాట్లాడండి. సగం ఇమ్మంటే చాలామంది కాదనరు. గ్రూపులో ఫొటో మాత్రం పెట్టకండి. ఫొటో చూశాక తండ్రికి డబ్బుకంటే పరువు పెద్దదైపోతుంది.

పోలీసుల మాట. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల లోపు పిల్లలు చేసిన ఏ పనీ నేరం కాదు. ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్ల విషయంలో, చేసిన పని ఫలితం తెలిసేంత పరిణతి లేకపోతే 21వ సెక్షన్ అదే రక్షణ ఇస్తుంది. కాబట్టి ఆ కంప్లయింట్ ఎక్కడికీ పోదు, పక్కింటి వాళ్లతో మాటలు మాత్రం పోతాయి. మరోవైపు, నిర్లక్ష్యంగా నడిపి ఒకరి ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఆ సెక్షన్‌కు గేటు లోపలా బయటా అన్న తేడా లేదు. "మా పార్కింగ్, మా స్లాటు" అనుకునే డ్రైవర్లకు ఇది తెలిసి ఉండాలి.

ఇప్పుడు మీరు ఆవిడతో ఏం మాట్లాడాలి? ఫోనులో వద్దు, మెసేజ్ అసలే వద్దు. మీ ఇంట్లో ఆవిడను కూడా తీసుకుని వాళ్లింటికి వెళ్లండి. ఇంత చెబితే చాలు: "అమ్మా, ఆ రోజు బాబు నాకు కనబడలేదు. కనబడే వీలే లేదు. అప్పటినుంచి నాకు రివర్స్ గేరు వేయాలంటే భయంగా ఉంది. ఒకసారి కిందికి వచ్చి నా సీట్లో కూర్చుని చూస్తారా?" గీత ఊసు ఎత్తవద్దు. ఆవిడ ఎత్తినా "అది తర్వాత చూసుకుందాం" అనండి. ఆవిడ చూసి ఒప్పుకున్నాక, ఇద్దరి పేర్లతో సెక్రటరీకి ఒక ఉత్తరం రాయండి: టాట్‌లాట్ ఖాళీ చేయించాలి, ర్యాంపు దగ్గర స్పీడ్ బ్రేకర్ వేయించాలి, సాయంత్రం ఒక వైపు మూసేయాలి. కారు ఉన్నాయనా పిల్లలున్న తల్లీ కలిసి సంతకం పెట్టిన కాగితాన్ని ఏ కమిటీ అయినా పక్కన పెట్టడం కష్టం. తేదీ వేసి, మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోవడం మరచిపోకండి.