ఈఏడీ పాఠం: ట్యాగుల కంటే ముందు దస్త్రం కట్ట

ఎంఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ పీజీ) క్లాసులో ఈఏడీ, అంటే పాత దస్త్రాల వివరాలను కంప్యూటర్ చదివే ట్యాగుల్లో రాసే పద్ధతి, చెప్పాలి, ముందు సిద్ధాంతమా ఎక్స్ఎంఎల్ ట్యాగులా అని అడిగారు. ముందు కాగితాలండీ. ట్యాగులతో మొదలుపెడితే పిల్లలకు అది కంప్యూటర్ పాఠం అయిపోతుంది. ఫైలు వాలిడేట్ అయితే (ట్యాగుల నియమాల పరీక్ష దాటితే) పని అయిపోయిందనుకుంటారు.

పాత కరణం దస్త్రంలో ఉండేలాంటివి ఓ ముప్పై కాగితాలు జిరాక్సు తీసి ఇవ్వండి: అడంగళ్లు, శిస్తు రసీదులు, తాసిల్దారు ఉత్తరాలు. సిస్టమ్ ఆన్ చేయకుండానే వాటిని ఫాండ్ (మొత్తం దస్త్రం), సిరీస్ (ఒకే రకం కాగితాల వరుస), ఫైల్ (ఒక విషయం కాగితాలు), ఐటెమ్ (ఒక్క కాగితం)‌గా విడదీసి చెట్టులా గీయించండి. మొత్తం దస్త్రానికీ, ఒక్కో సిరీస్‌కూ ఐఎస్ఏడీ-జీ (దస్త్రాల వర్ణనకు అంతర్జాతీయ ప్రమాణం) ముఖ్యమన్న ఆరు వివరాలు రాయించండి: రిఫరెన్స్ కోడ్, శీర్షిక, సృష్టికర్త, తేదీ, పరిమాణం, స్థాయి. పై స్థాయిలో చెప్పింది కింద మళ్లీ చెప్పొద్దన్న సూత్రం ఇక్కడే వంటబడుతుంది. ముప్పై చోట్లా కరణం పేరు రాసినవాళ్ల చేతే ఇరవై తొమ్మిది కొట్టేయించండి.

ఆ తర్వాత ట్యాగులు సులువే. దస్త్రమంతటికీ ట్యాగు ఆర్క్‌డెస్క్, దాని లోపల కింది భాగాల జాబితాకు డీఎస్‌సీ, అందులో ఒక్కో కొమ్మకు ఒక్కో సీ. ప్రతి సీకీ ముఖ్య వివరాలకు ఒక డిడ్, స్థాయి చెప్పడానికి ఒక లెవెల్. 2015 నాటి ఈఏడీ3 నేర్పండి. 2002 వెర్షన్ ఫైలు కూడా ఒకటి చూపించండి, పాత సరుకు ఎక్కువగా అందులోనే ఉంది. వాటిలో ఫైలు గురించిన సమాచారం ఉండే ఈఏడీహెడర్ ట్యాగు ఈఏడీ3లో కంట్రోల్ అయింది.

ట్యాగులో పెద్దక్షరం పడినా, 'అండ్' గుర్తును (&) అలాగే టైపు చేసినా ఎర్రర్ వెంటనే కనిపిస్తుంది. కనిపించని తప్పులతోనే తంటా. ఫైల్ లోపల సిరీస్ పెట్టినా స్కీమా (ట్యాగుల నియమాలు రాసిన ఫైలు) కిక్కురుమనదు.

తేదీలకు మాత్రం ఒక పూట కేటాయించండి. కాగితం మీద 'ఫసలీ 1300' (శిస్తు లెక్కల ఏడాది) అని ఉంటే తేదీ ట్యాగు యూనిట్‌డేట్‌లో అలాగే ఉంచాలి, కంప్యూటర్ వెతికేందుకు ఆ ట్యాగుకు తగిలించే నార్మల్ అట్రిబ్యూట్‌లో మాత్రం 1890-07/1891-06 అని ఇవ్వాలి. 590 కలిపి 1890 అని ఒక్క ఏడాదే రాస్తే, 1891 మార్చి రసీదు కోసం వెతికేవాడికి ఆ ఫైలు దొరకదు. ఈ జూలై లెక్క మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలది. నైజాం ఫసలీకి దీన్ని వాడొద్దు.

ప్రాక్టికల్‌లో సగం మార్కులు ఇలా వేయండి: ఒకరి ఈఏడీ ఫైలు ఇంకొకరికిచ్చి, కట్ట విప్పకుండా ఒక రసీదు ఏ ఫైలులో ఉందో చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ ఈఏడీ ఫైలు రాసినవాళ్లకే మార్కులు తగ్గించాలి.